ఏ కడుపో అడుగు తల్లీ

చిన్నీ,

పోస్టింగు ఆర్డరు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పల్నాట్లో పీహెచ్‌సీ అని తెలిసి మరీ సంతోషించాను. నేను నర్సుగా ఉద్యోగంలో చేరిందీ, రిటైరైందీ ఆ చుట్టుపక్కలే. డాక్టరుకి నర్సు చెప్పేదేముంటుంది అనుకోకు. రోగాలూ మందులూ నీకు నాకంటే పదిరెట్లు తెలుసు. నేను చెప్పేది ఒక్క మాట గురించి. నీ గదిలోకి అడుగుపెట్టేవాళ్ళలో చాలామంది నోట మొదట వచ్చే మాట అది: కడుపు.

హైదరాబాదులో పెరిగినదానివి, చదువంతా ఇంగ్లీషులో సాగినదానివి. నీకు అబ్డామెన్ వేరు, స్టమక్ వేరు, యుటిరస్ వేరు. ఊళ్ళో అన్నిటికీ కలిపి కడుపే. అన్నం పడేదీ అదే, బిడ్డ పెరిగేదీ అదే, ఆ బిడ్డని మోస్తున్న స్థితి పేరూ అదే. బ్రౌను దొర 1852లో అచ్చువేసిన నిఘంటువులో కూడా కడుపుకి పొట్ట అని, గర్భం అని రెండర్థాలూ ఉన్నాయి. మిగతా అర్థాలు నీ ఓపీలో దొరుకుతాయి. ఆకలి, ప్రేమ, అసూయ, దుఃఖం, రహస్యం, జీవనాధారం అన్నీ మనవాళ్ళు అక్కడే పెట్టుకున్నారు. ధైర్యానికి గుండె, కోరికకి మనసు ఉన్నాయి కానీ, నోటితో చెప్పుకోలేనిదేదైనా చేరేది మాత్రం కడుపులోకే. అందుకే ‘కడుపులో బాగాలేదమ్మా’ అని ఎవరైనా అంటే చీటీ మీద పెన్ను పెట్టకు. ఏ కడుపో ముందు తెలుసుకో.

తెలుసుకునే మొదటి పద్ధతి చాలా పాతది, నీకూ చెప్పే ఉంటారు. ‘ఒక్క వేలు పెట్టి చూపించు’ అను. కొందరు తడుముకోకుండా ఒకచోట వేలు ఆనిస్తారు. నొప్పి నిన్న రాత్రి బొడ్డు చుట్టూ మొదలై, పొద్దుటికి కుడిపక్క కిందికి దిగిందంటే అది అపెండిక్సేమో అని నీకు వెంటనే తడుతుంది. ఇంకొందరికి వేలు చాలదు. అరచెయ్యి తీసుకుని రొమ్ము కింద మొదలుపెట్టి పొత్తికడుపు దాకా పాముతారు, మళ్ళీ పైకి తెస్తారు. ‘ఇక్కడా అక్కడా అని కాదమ్మా, కడుపంతానూ’ అంటారు. ఆ అరచేతివాళ్ళని తొందరగా పంపించెయ్యకు. స్కానింగులో కనపడనిది వాళ్ళ దగ్గరే ఎక్కువ ఉంటుంది.

పొత్తికడుపు అనే మాట దగ్గర ఆడవాళ్ళ గొంతు తగ్గుతుంది, గమనించు. కడుపునొప్పి అని గట్టిగా చెప్పిన మనిషే పొత్తికడుపు అనేటప్పుడు తలుపు వంక చూస్తుంది. నెలసరి బాధ, తెల్లబట్ట, మూత్రంలో మంట, భర్త ఊరినుంచి తెచ్చిన జబ్బు, ఇవన్నీ ఆ మాట చాటున వస్తాయి. నెల తప్పి కొద్ది వారాలైన పిల్ల పొత్తికడుపులో ఒక పక్క పట్టుకుని కళ్ళు తిరుగుతున్నాయని వస్తే మాత్రం మాటలు కట్టిపెట్టి బీపీ చూసి 108కి ఫోన్ చెయ్యి. ట్యూబులో నిలిచిన కడుపైతే గంటల మీద ఉంటుంది వ్యవహారం. ‘పెళ్ళి కాలేదు కదా’ అని ఆ ప్రశ్న అడగడం మానేసిన డాక్టర్లని చూశాను. అడగాలి. కాకపోతే అమ్మా నాన్నా పక్కన లేనప్పుడు అడగాలి.

తర్వాత క్రియాపదాలు విను. మన రోగి నొప్పి అన్న నామవాచకంతో ఊరుకోడు. తిప్పుతోంది అంటాడు, దేవుతోంది అంటాడు, మెలిపెడుతోంది, పొడుస్తోంది, పీకుతోంది, ఉబ్బరించింది, బిగదీసింది, గుడగుడలాడుతోంది అంటాడు. ‘నొప్పి ఎలా ఉంది, షార్పా డల్లా’ అని నువ్వు అడిగితే వాళ్ళు నీ మొహం చూస్తారు. వాళ్ళనే చెప్పనిస్తే సగం రోగనిర్ణయం వాళ్ళే చేసిపెడతారు. మెలిపెట్టడం వచ్చిపోయేది, పేగుదో కిడ్నీ రాయిదో. దేవడం వాంతికి ముందుది. గాంధీ ఆసుపత్రిలో నువ్వు హౌస్ సర్జన్సీ చేసినప్పుడు ‘కడుపుల నొస్తాంది’, ‘కడుపుల మండుతాంది’ అని వినే ఉంటావు. ఇక్కడ యాస మారుతుంది, క్రియ మారదు.

ఒక్క మాట దగ్గర మాత్రం చెవులు రిక్కించు: గ్యాస్. ఈ మధ్య మనవాళ్ళకి కడుపు కంటే గ్యాస్ బాగా అలవాటైపోయింది. యాభై దాటిన సుగరు మనిషి ‘రాత్రి పెళ్ళి భోజనం పడలేదమ్మా, పైకడుపులో గ్యాస్ పట్టేసింది, చెమటలు పోస్తున్నాయి’ అని, సోడా తాగి, తేనుపు రాక, చివరికి నీ దగ్గరికి వస్తాడు. ఆ మనిషికి ముందు ఈసీజీ తీయించు, గ్యాస్ మాత్ర సంగతి తర్వాత. గుండె కింది గోడకి రక్తం ఆగితే నొప్పి కడుపులో ఉన్నట్టే తెలుస్తుందని నీ పుస్తకాల్లోనే ఉంది. ఆడవాళ్ళలో, సుగరున్నవాళ్ళలో ఛాతీనొప్పి అసలు లేకుండానే గుండెపోటు రావచ్చనీ ఉంది. మావాళ్ళ పుస్తకంలో ఒకే మాట ఉంది: గ్యాస్. ఆ మాట నమ్మి ఇంటికెళ్ళి పడుకున్నవాళ్ళు తెల్లారి లేవకపోవడం నేనెరుగుదును.

కడుపుతో ఉండడం గురించి చెప్పాలంటే పెద్ద కథ. చీటీ మీద గర్భవతి అని రాస్తారు, ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. కోడలు నెల తప్పింది అంటారు, నీళ్ళోసుకుంది అంటారు, ఒట్టి మనిషి కాదు అంటారు. చాన్నాళ్ళు ఎదురుచూసినదైతే కడుపు పండింది అంటారు. అదే పెళ్ళికాని పిల్లైతే క్రియ ఒక్కసారిగా గరుకైపోతుంది. కడుపు ‘తెచ్చుకుంది’. జరిగిందొకటే. ఒకరికి పండిందట, ఇంకొకామె తెచ్చుకుందట. నీ గదిలో మటుకు ఇద్దరికీ ఒకే క్రియ వాడు. సిస్టర్లూ ఆయాలూ ఏ మాట వాడుతున్నారో కూడా విను. తెర అవతలికి అన్నీ వినపడతాయి.

మీ డాక్టర్లు పట్టించుకోని మాట ఇంకొకటుంది. మీ భాషలో కడుపు దానంతట అది పోయినా అబార్షనే, తీయించుకున్నా అబార్షనే. ఊళ్ళో ‘అబార్షన్ అయింది’ వేరు, ‘అబార్షన్ చేయించుకుంది’ వేరు. మొదటిదానికి పాపం అంటారు, రెండోదానికి బుగ్గలు నొక్కుకుంటారు. నువ్వు కేసుషీటు చూస్తూ హడావుడిగా ‘ఇంతకుముందు అబార్షన్స్ ఎన్ని?’ అన్నావనుకో, పక్కన కూర్చున్న అత్తగారి కళ్ళు కోడలి మీదికి తిరుగుతాయి. ‘ఇదివరకు కడుపు నిలవకుండా పోవడం ఏమన్నా జరిగిందామ్మా?’ అని అడుగు. అడిగిందదే, కానీ ఆ పిల్ల తలెత్తి జవాబిస్తుంది. తీయించుకోవాల్సి వచ్చినవాళ్ళకి 1971 నుంచీ చట్టం ఉంది, నీకు తెలుసు. చాలామందికి తెలియదు. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు మింగి, నెత్తురు ఆగక నీ దగ్గరికి వస్తారు. వచ్చినప్పుడు తిట్టకు. తిట్టించుకోవడానికి భయపడే వాళ్ళు ఆర్‌ఎంపీ దగ్గరికి పోయింది.

‘లోపలేముందమ్మా?’ అని కూడా అడుగుతారు. నవ్వుతూ అడుగుతారు, సాక్షాత్తూ అమ్మమ్మలే అడుగుతారు. 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరమని గోడమీద బోర్డు ఉంటుంది. బోర్డు చూపించి ఊరుకో, చర్చ పెట్టుకోకు.

కడుపుకోత అనే మాట మనవాళ్ళు బిడ్డ పోయిన తల్లికే వాడతారు. అంతకంటే పెద్ద దుఃఖం మన భాషలో లేదు. పుట్టగానే పోయినా, ముప్ఫయ్యేళ్ళ కొడుకు బైకు మీద పోయినా మాట అదే. తల్లులు కూడా ‘కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుందమ్మా’ అనే అంటారు. ఇందాక దేవడం వాంతికి ముందుదని చెప్పానే, ఇక్కడ అది వేరు. పోయిన బిడ్డని గుడ్డలో చుట్టి ఇచ్చేటప్పుడు ‘చిన్నదానివే, మళ్ళీ పుడతార్లే’ అని ఓదార్చడం మా రోజుల్లో మామూలు. ఆ మాట అనకు. ఒకసారి ఎత్తుకుంటావా అని అడుగు. వద్దంటే బలవంతపెట్టకు.

ఇప్పటి కడుపుకోత ఇంకో రకంగా పెరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ప్రసవాల్లో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం కోతలేనని తేలింది. మా రోజుల్లో పెద్దాపరేషన్ అంటే బంధువులంతా చెట్టుకింద కూర్చుని దేవుళ్ళకి మొక్కుకునేవాళ్ళు. ఇప్పుడు పంచాంగం చూసి ముహూర్తం పట్టుకొస్తున్నారు. కోత అవసరమైన చోట తల్లినీ బిడ్డనీ కాపాడిందే, కాదనను. ముహూర్తానికి కోయడం మాత్రం నాకు ససేమిరా నచ్చదు. పల్నాట్లో ఇంకొకటి కూడా చూస్తావు. నలభై నిండని ఆడవాళ్ళు ‘సంచి తీయించేసుకుంటే పోద్ది కదమ్మా’ అని వస్తారు. గర్భసంచి ఆపరేషన్లలో మన రెండు రాష్ట్రాలూ దేశంలో ముందు వరసలో ఉన్నాయి. పొత్తికడుపు నొప్పికీ, తెల్లబట్టకీ, కాస్త ఎక్కువ బట్ట కావడానికీ సంచి తీసెయ్యనక్కర్లేదని చెప్పేవాళ్ళు లేక అలా అయింది. చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ ఇవ్వు.

ఇక ఆకలి. మాత్రలు రాసేటప్పుడు ‘మూడు పూటలా అన్నం తిన్నాక’ అని నీ చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. ఎదురుగా ఉన్నది మిరపకోతకి పోయే మనిషి అనుకో. తెల్లవారకముందే ఆటో ఎక్కుతుంది, టీ చుక్క గొంతులో పోసుకుంటుంది, ఎండెక్కాక చేలో గట్టుమీద డబ్బా విప్పుతుంది, రాత్రి అందరూ తిన్నాక అడుగున మిగిలింది తింటుంది. మూడు పూటలు ఎక్కడున్నాయి? ‘ఏ పూట ఏం తింటావమ్మా’ అని అడిగి ఆ పూటలకి మాత్రలు అమర్చు. ఆర్‌ఎంపీ రాసిచ్చిన నొప్పి మాత్రలు ఖాళీ కడుపున మింగి మింగి కడుపులో పుండ్లు తెచ్చుకునేవాళ్ళు వీళ్ళే. కాలే కడుపుకు మండే బూడిద అన్న సామెతని ఇంతకంటే అక్షరాలా చూపించే చోటు నాకు తెలీదు. పిల్లల ఫీజుల కోసం కడుపు కట్టుకునే తల్లులు నీకు దండిగా కనపడతారు. ‘ఆకలి ఉండదమ్మా నాకు’ అంటారు. నమ్మకు. రక్తం పరీక్ష రాయి.

పొట్ట మాటకొస్తే అది కడుపుకి చెల్లెలే అయినా పనులు వేరు. బిడ్డని మోయడం, దుఃఖాన్ని దాచుకోవడం కడుపు వంతు, కూలికి పోవడం పొట్ట వంతు. పొట్ట చేతపట్టుకుని పాలమూరు నుంచి బొంబాయి పోయారు, గల్ఫ్ పోయారు. జీతం ఆపితే పొట్ట కొట్టారు అంటాం. చదువురానివాణ్ణి పొట్ట కోసినా అక్షరమ్ముక్క రాదు అంటాం. రైతు ‘పొట్ట మీదుందమ్మా’ అంటే ఖంగారుపడకు, అది వరి సంగతి, వెన్ను బయటికి రాబోతోందని. డొక్క కూడా కడుపే, పక్కలనుంచి చూస్తే. డొక్కశుద్ధి అంటే నిజమైన చదువు. కోనసీమలో లంకలగన్నవరంలో 1841 నుంచి 1909 దాకా బతికిన మహాతల్లి ఇంటిపేరు డొక్కా. వేళ కాని వేళ వచ్చినవాళ్ళకీ అన్నం పెట్టి, కులం అడక్కుండా డొక్కలు నింపిన సీతమ్మగారు. ఇప్పుడు ఆంధ్రలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే. నీ పీహెచ్‌సీ పక్కనే బడి ఉంటే ఒకసారి ఆ భోజనం వేళకి వెళ్ళు. ఏ పిల్లాడు రెండోసారి పప్పు వేయించుకుంటున్నాడో చూస్తే, ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలుస్తుంది.

కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నవాళ్ళూ వస్తారు. వాళ్ళ సుగరు, వాళ్ళ బానపొట్ట నువ్వే చూసుకో. వాళ్ళకి నా సలహా అక్కర్లేదు.

కడుపుమంట మీద కాస్త ఆగాలి. పక్కింటివాడు డాబా వేస్తే వచ్చేదీ కడుపుమంటే, పచ్చిమిరపకాయ బజ్జీలకి వచ్చేదీ కడుపుమంటే. అన్యాయం చూసి మనిషి లోపల రగిలేదీ కడుపుమంటే. ఒకప్పుడు పెద్ద డాక్టర్లు కూడా కడుపులో పుండుకి కారణం ఆలోచనలూ దిగుళ్ళూ కారమే అనుకున్నారు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు అది ఒక క్రిమి పని అన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిమి కలిపిన ద్రవాన్ని తనే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. కాబట్టి మంటంటే పరీక్ష చేయించు, క్రిమి ఉంటే మందు పూర్తి కోర్సు వాడించు. ‘ఊరికే ఆలోచించకమ్మా’ అని చెప్పి పంపడం ఇప్పుడు వైద్యం కాదు. పరీక్షలన్నీ బాగుండి, మంట మాత్రం తగ్గని మనిషి కూడా వస్తుంది. ఆమెకి రెండో కడుపుమంట ఉందేమో అడగాలి. ఆమె చెప్పదు.

ఎందుకు చెప్పదంటే, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆమెకి చిన్నప్పుడే నేర్పారు. మనవాళ్ళ గుట్టు మనం బయటపెడితే పరువుపోయేది మనకే అని ఆ సామెత అర్థం. ఎవరు పుట్టించారోగానీ, ఎంతమంది ఆడపిల్లల నోళ్ళు కుట్టిందో లెక్కలేదు. నాకు ఈ ఒక్క సామెత మీద కోపం.

ఒక అమ్మాయి వచ్చేది మా దగ్గరికి. ఎప్పుడొచ్చినా కడుపునొప్పే, ఎప్పుడూ వెంట అత్తగారే. డాక్టరమ్మ పిల్లని అడిగితే జవాబు అత్తగారు చెప్పేది. ‘ఏం తిన్నావమ్మా?’ అంటే ‘తింటానే ఉంటదండి’. ‘నిద్ర పడుతోందా?’ అంటే ‘మొద్దునిద్దరండి’. అప్పటి డాక్టరమ్మ తెలివైన మనిషి. ‘పెద్దమ్మా, మొహం వాచినట్టుందే, బీపీ చూపించుకున్నావా?’ అని ఆవిణ్ణి నాకు అప్పజెప్పింది. నేను వరండాలో కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, దించి, సరిగ్గా తెలీలేదని మళ్ళీ కొట్టి, ఉప్పు తగ్గించమని, పచ్చడి మానమని తాత్సారం చేస్తున్నాను. లోపల తెరచాటున ఆ పిల్ల జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించిందట. మోచేతి పైన నాలుగు వేళ్ళ అచ్చు, బొటనవేలిది వెనకవైపు. కమిలి పచ్చబడుతున్నది ఒకటి, కొత్తగా నల్లబడ్డది ఒకటి. చీటీలో కడుపునొప్పి అనే రాసి, దాని కింద డాక్టరమ్మ ఆ మచ్చల కొలతలు కూడా రాసిపెట్టింది. ఆ కొలతలు తర్వాత పనికొచ్చాయి.

పేపర్లో లోపలి పేజీల్లో ఓ మూల వచ్చే వార్త నువ్వు చూసే ఉంటావు. కడుపునొప్పి తాళలేక ఫలానా ఊళ్ళో వివాహిత ఆత్మహత్య. కడుపునొప్పి భరించలేక యువరైతు పురుగుమందు తాగి మృతి. కొన్ని నిజంగా కడుపునొప్పులే అయివుంటాయి. అన్నీ కాదు. అప్పు అని రాయించుకోవడం ఇష్టంలేక, మొగుడు కొట్టాడని రాయిస్తే కేసవుతుందని, పిల్ల ప్రేమించిందని తెలిస్తే చెల్లెలి పెళ్ళి ఆగుతుందని, ఇంటిల్లిపాదీ కలిసి ఒప్పుకునే మాట కడుపునొప్పి. ఎవరికీ నింద రాదు, ఎవరూ అడగరు, ఎవరికైనా రావచ్చు. మందు తాగినవాళ్ళకి నేను కడుపు కడిగాను. ముక్కులోంచి గొట్టం వేస్తుంటే గదంతా ఆ పురుగుమందు వాసన, నా చీరకి ఉతికినా పోయేది కాదు. బయట తల్లి మాత్రం ‘పొద్దుట్నించీ కడుపునొప్పి అంటానే ఉన్నాడమ్మా’ అనే చెప్పేది. నిజంగా అన్నాడో లేదో ఆవిడకే తెలియాలి.

అన్నాడనే అనుకుందాం. అంటే ఆ మనిషి చెప్పుకోవడానికి తనకి తెలిసిన ఒకే ఒక్క మాట వాడాడు. అది విని ఎవరో ఒకరు యాంటాసిడ్ ఇచ్చి పంపారు. అందుకని మందులకి లొంగని కడుపునొప్పిని పట్టుకుని వచ్చేవాళ్ళని పక్కకి పిలిచి ఒక ప్రశ్న అడుగు: ‘బతకాలనిపించడం లేదా?’ అని సూటిగానే అడుగు. అడిగితే ఆ ఆలోచన లేనివాళ్ళకి కొత్తగా పుట్టదు, ఉన్నవాళ్ళకి బరువు దిగుతుంది. ఇంట్లో మందుడబ్బాలెక్కడ పెడుతున్నారో వెంట వచ్చినవాళ్ళని కనుక్కో, తాళం వేయించు. టెలీ మానస్ 14416కి ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. కొట్టించుకునే ఆడవాళ్ళకి 181 ఉంది. ఈ రెండు నంబర్లూ నీ బల్లమీద అద్దం కింద పెట్టు, గోడమీద కంటే అక్కడే మేలు. గోడమీది కాగితం వంక చూస్తుంటే అత్తగారికి తెలిసిపోతుంది.

వాళ్ళు చెప్పింది నువ్వేం చేస్తావు? కడుపులో పెట్టుకుంటావు. ఆ మాటకి మనదగ్గర రెండర్థాలు. గుట్టుగా దాచడం ఒకటి. తప్పుంటే కడుపులో పెట్టుకోండి, మా పిల్లని కడుపులో పెట్టుకుని చూసుకోండి అని వియ్యాలవారిని బతిమాలేది రెండోది. డాక్టరుకి రెండూ కావాలి. హెచ్‌ఐవీ వచ్చిన మనిషి రిపోర్టు ఆయమ్మ చదివిందంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆ కాగితం నువ్వే స్వయంగా మడిచి ఇవ్వు. తాగొచ్చి నిన్ను తిట్టినవాడి పెళ్ళాం మర్నాడు పిల్లాణ్ణి ఎత్తుకుని వస్తే, నిన్నటిది మొహంలో చూపించకు.

దీవెనలు కూడా దొరుకుతాయి. జ్వరం తగ్గిన ముసలమ్మ నీ రెండు చేతులూ పట్టుకుని ‘నీ కడుపు చల్లగుండ’ అంటుంది. పెళ్ళికాని దాన్ని, ఇదేం దీవెన అని సిగ్గుపడకు, నవ్వి తీసుకో. దానికి సరిసాటి తిట్టూ ఉంది, ‘నీ కడుపు కాల’ అని. రాత్రి రెండింటికి అంబులెన్సు రాకపోతే, తప్పు ఎవరిదైనా, అది నీకే పడుతుంది. మన భాషలో ఒక మనిషికి చేయగలిగిన గొప్ప మేలూ, గొప్ప కీడూ ఆ ఒక్క చోటే చేస్తారు. పట్టించుకోకు.

చివరిగా నీ సంగతి. కొత్త డాక్టర్లంతా చేసే పని ఒకటుంది. క్యూ పెద్దదని పొద్దున ఇడ్లీ మానేస్తారు, మధ్యాహ్నం అన్నం చల్లారిపోతుంది, సాయంత్రానికి విసుగంతా ఆఖరున వచ్చిన రోగి మీద చూపిస్తారు. ఆ ఆఖరున వచ్చేది చాలాసార్లు అరచేత్తో కడుపంతా పామి చూపించే మనిషే. జనం తగ్గేదాకా కావాలని కూర్చుని ఉంటుంది. నువ్వు తిని కూర్చో చిన్నీ. డబ్బాలో పెరుగన్నం నేను చెప్పక్కర్లేదు, మీ అమ్మ కడుతుంది. ఒంటిగంటకల్లా తినెయ్యి. చేరిన మొదటి ఆదివారం ఫోన్ చెయ్యి, అక్కడి ఆయమ్మ పేరేమిటో కనుక్కుని చెప్పు. పాతదైతే నాకు తెలిసే ఉంటుంది.

నీ అమ్మమ్మ